తమస్వి చేతులు

నేను ఒక నల్ల ముఖమల్ కేప్‌ని. కేప్ అన్నది ఈ మధ్య వచ్చిన పేరు. నాటకాల బట్టలు అద్దెకిచ్చే తెనాలి డ్రెస్ కంపెనీలో పుట్టాను, అక్కడ అందరూ నన్ను రాజుగారి దుప్పటి అనేవాళ్ళు. దుప్పటి అనిపించుకోవడం చిన్నతనంగానే ఉండేది గానీ, ముందున్న ‘రాజుగారి’ చూసుకుని సర్దుకుపోయేదాన్ని. భుజాల దగ్గర మొదలై మడమల దాకా జారుతాను. బయట నలుపు, లోపల ఎర్ర శాటిన్ అస్తరు, మెడ దగ్గర ఒక ఇత్తడి కొక్కెం. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, నన్ను తగిలించుకుంటే వంకాయలు కొనడానికి బయల్దేరినవాడు కూడా దండయాత్రకి పోతున్నట్టే ఉంటాడు.

ఏదో కాలేజీ స్టేజీకి తెర కుట్టగా మిగిలిన గుడ్డతో మస్తాన్ వలి అనే టైలరు నన్ను కుట్టాడు. మిగిలిపోయిన వాటితోనే మనుషులు రాజుల్ని తయారుచేస్తారని నాకు ఆ రోజే తెలిసింది. కంపెనీ యజమాని కోటిలింగం నన్ను విదిలించి చూసి, “రాజ్యమక్కకి సరిపోద్దిలే” అన్నాడు.

రాజ్యం పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టే మనిషి. నిలువెత్తు మనిషి, వెడల్పాటి భుజాలు, మైకు లేకుండానే చివరి వరస దాకా వినబడే గొంతు. మీసం అతికించుకుని నన్ను భుజాన వేసుకుని తెర పక్కనుంచి బయటికొస్తే, జనం ఆమె ఆడమనిషి అన్న సంగతే మర్చిపోయేవాళ్ళు. తెలిసినవాళ్ళు కూడా మర్చిపోయేవాళ్ళు. ఇంకో సంగతి మాత్రం మర్చిపోయేవాళ్ళు కాదు. రాజ్యం నలుపు. “రాజు నల్లగా ఉంటే టిక్కెట్టు కొన్నోళ్ళు ఊరుకోరు” అనేవాడు నాటకం కంట్రాక్టరు. అందుకని ఆమె మొహానికి గులాబీ రంగు మందంగా పట్టించేవాళ్ళు. మెడ దాకా వచ్చేసరికి రంగు అయిపోయేది, చేతులకి మిగిలేది కాదు. రాజ్యం ఆ చేతులు రెండూ నా లోపలికి లాక్కుని, నన్ను చుట్టూ కప్పుకుని నిలబడి పద్యం అందుకునేది. జనం దాన్ని రాజసం అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. చెమట పట్టిన ఆ అరచేతులు లోపల నా అస్తరుని ఎంత గట్టిగా పట్టుకునేవో నాకు తెలుసు. ఆడమనిషి మీసం పెట్టుకుని రాజైతే ఒప్పుకున్నవాళ్ళు, ఆ రాజు నల్లగా ఉంటే ఎందుకు ఒప్పుకోలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నల్లగా ఉన్నందుకే నన్ను మెచ్చుకునేది కూడా వాళ్ళే మరి.

నాటకాలు తగ్గాయి. నేను బళ్ళ వార్షికోత్సవాలకి తిరగడం మొదలుపెట్టాను. యమధర్మరాజునయ్యాను, గారడీవాణ్ణయ్యాను, ఒకసారి ఆకాశాన్ని కూడా అయ్యాను. అప్పుడు నా ఒంటి నిండా తగరపు చుక్కలు అంటించారు, అవి ఊడబీకేసరికి ప్రాణం పోయింది. రాజ్యం వేషాలు మానేసి కంపెనీలోనే బట్టలు బాగుచేసే పనిలో కుదిరింది. ఆమెకొక పద్ధతి ఉంది. అద్దెకి పోయి తిరిగొచ్చిన ఏ బట్టనైనా బల్ల మీద పరిచి చూడదు. ఒంటికి వేసుకుని, గుమ్మానికి వీపు పెట్టి నిలబడి, ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో చూసుకుంటుంది. “బట్ట ఎక్కడ చిరిగిందో అది ఒంటి మీదుంటేనే చెప్పుద్ది” అంటుంది. అలా నెలకోసారైనా నేను మళ్ళీ రాజు భుజాలెక్కేదాన్ని. అంతకన్న ఏం కావాలి?

అలాంటి ఒక పూట పుస్తకాలకి అట్టబొమ్మలు వేసే ఒకాయన కొట్టుకొచ్చాడు. రక్తపిశాచుల నవలకి బొమ్మ కావాలట. గుమ్మంలో అడుగుపెట్టేసరికి నన్ను వేసుకుని వెనక్కి తిరిగి ఉన్న రాజ్యం కనబడింది. అలవాటు ప్రకారం చేతులు రెండూ లోపల పెట్టుకునే ఉంది. “అమ్మా, కదలకండి!” అని గబగబా నాలుగు ఫోటోలు తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఏ పుస్తకమో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ నవల పేరు ‘చీకటి దివాణం’. అది అచ్చయ్యాక కుర్రకారుకి పిచ్చి పట్టింది. కథ విన్నంతలో నాకు తెలిసింది ఇది. వందల ఏళ్ళ నాటి పాత పిశాచాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, కొత్తగా కరవబడిన వాళ్ళని ఈసడించుకుంటాయి. వాళ్ళ చర్మం మీద ఇంకా ఎండ వాసన ఉందని సభలో కూర్చోనివ్వవు. ఆ వెలివేసిన వాళ్ళ పక్కన నిలబడే పిశాచమే తమస్వి. తమస్వి ఆడో మగో, తెలుపో నలుపో రచయిత ఎక్కడా చెప్పలేదు. ఒక నల్ల కేపూ, ఒక గొంతూ, రెండు కోరలూ, అంతే. ఇక మిగిలిన ఆధారం అట్టబొమ్మ ఒక్కటే. అందులో ఉన్నది నేను. నా లోపలున్న వీపు రాజ్యానిది.

అభిమానులు ఫోన్లలో గుంపు కట్టి కొట్టుకున్నారు. “ఆ భుజాలు చూడండి, మగాడివి కాకపోతే నా పేరు మార్చుకుంటా” అన్నాడొకడు. నడుము చూడండి, ఆడదే అన్నారు ఇంకొందరు. చచ్చి పిశాచమయ్యాక ఆడేమిటి, మగేమిటి అని ఇంకో వర్గం లేచింది. చేతులు ఎందుకు కనిపించవన్న దాని మీదే పెద్ద రగడ. ఎండకి కాలిపోయాయని ఒకరు, నెత్తురంటుకుందని ఇంకొకరు, అసలు తమస్వికి చేతులే లేవని మరొకరు. ఎంత పోట్లాడుకున్నా ఒక్క దాంట్లో అందరిదీ ఒకే మాట. తమస్వి తెల్లగా ఉంటాడు, లేక ఉంటుంది. ఎండ తగలని ఒళ్ళు తెల్లగా కాక ఎలా ఉంటుందని వాదన. వాళ్ళు ఏటా ఒక చోట కలుసుకుని కథలో ఒక ఘట్టం ఆడతారు, దానికి నన్ను అద్దెకి తీసుకెళ్తారు. ఈ వాదనలన్నీ నేను విన్నది అక్కడే. నాకు నోరుంటే ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని.

ఒక ఏడు నన్ను తీసుకెళ్ళడానికి దీవెన వచ్చింది. రేపల్లెలో కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసే అమ్మాయి. పొడగరి, బొంగురు గొంతు, చామనచాయ అని సర్దిచెప్పడానికి కూడా వీల్లేని నలుపు. తమస్వి వేషం ఎవరికన్నది ఆ గుంపులో చీటీలు వేసి తేలుస్తారు. చీటీ వచ్చాక కాదనకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. ఈసారి చీటీ దీవెనకి వచ్చింది. దీవెన ఆ గుంపులో ‘అమావాస్య’ అన్న మారుపేరుతో కథలు రాసేది. తమస్వి ఒకప్పుడు మిరప చేలో కూలికి పోయిన మనిషని, చీకట్లో బతికేవాళ్ళు చీకటి రంగులో ఉంటే తప్పేమిటని ఆమె రాసిన కథ అందరూ మెచ్చుకున్నారట. రాసిన మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా తమస్వి మాటలు గొణుక్కుంటూనే ఉంది. ఈ అమ్మాయికి ఇది వట్టి సరదా కాదని నాకు అర్థమైంది. కాలేజీ నాటకాల్లో ప్రతిసారీ చెట్టు వేషమో, రాక్షసి వేషమో ఇచ్చారట. తనకి నచ్చిన మనిషిగా ఒక్కసారి నిలబడాలని ఆమె కోరిక.

గుంటూరులో ఒక ఫంక్షన్ హాలు. దీవెన లోపలికొచ్చి “నేనే అమావాస్య” అనగానే, ఎదురొచ్చిన నవ్వులు సగంలో ఆగాయి. ఏర్పాట్లన్నీ చూసే శ్రీకర్ మంచివాడే. పాత పిశాచాల పెద్ద వేషం అతనిది. ఎండ వాసన వాళ్ళ కష్టాలు చదివి ఏడ్చానని అందరికీ చెప్పుకునేవాడు.

“చీటీ ఇంకోసారి తీద్దామా?” అన్నాడు మెల్లగా.

“ఎందుకు? నాకొచ్చిందిగా” అంది దీవెన.

“అబ్బే, అట్టా కాదు. చూసేవాళ్ళు నమ్మాలి గదా. సరే, కొంచెం పౌడరు కొడదాం. పెద్ద తేడా ఉండదులే.”

దీవెన నన్ను భుజాన వేసుకునే కుర్చీలో కూర్చుంది. ఎండ వాసన వాళ్ళ కోసం కన్నీళ్ళు కార్చినవాళ్ళే నలుగురు చేరి, పౌడరు డబ్బాలు తెరిచి ఆమె మొహానికీ, మెడకీ, చేతులకీ కొట్టడం మొదలుపెట్టారు. ఎంత కొట్టినా బూడిద రంగు వస్తోంది తప్ప తెలుపు రావడం లేదు. ఇంకా కొట్టారు. ఆ అమ్మాయి వేళ్ళు నా అంచుని గట్టిగా పట్టుకున్నాయి. రాజ్యం తర్వాత అలా నన్ను పట్టుకున్నది ఈమే. నాకు నిజంగా కోపం వచ్చింది.

కోపం వస్తే నేనేం చేయగలను? ముఖమల్ గుణం ఒక్కటే నా చేతిలో ఉంది. ఒంటి మీద పడ్డ రేణువుని నేను వదలను. మెడ చుట్టూ, భుజాల మీదా, రొమ్ము మీదా ఆ పౌడరు మొత్తం పట్టుకుని కూర్చున్నాను. దీవెన లేచి నిలబడేసరికి నేను పిండిమరలో పనిచేసి వచ్చినట్టున్నాను. ఒకరు కంగారుపడి తడిగుడ్డతో తుడిచారు. ముఖమల్‌ని తడిగుడ్డతో తుడవకూడదని తెనాలిలో పసిపిల్లలకి కూడా తెలుసు. పౌడరు ముద్దై, నా నూగంతా అట్టలు కట్టి, అక్కడక్కడ తెల్లటి మచ్చలు తేలాయి. బయట జనం ఈలలు వేస్తున్నారు.

“ఇప్పుడెట్టా?” అని శ్రీకర్ తల పట్టుకున్నాడు.

దీవెన నన్ను విప్పింది. పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. మెడా, చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. తిరిగొచ్చి నన్ను తిరగేసింది. ఎర్ర శాటిన్ పైకి, నల్ల ముఖమల్ లోపలికి.

“తమస్విది నల్ల కేప్ గదా!” అన్నారెవరో.

“లోపల నలుపే ఉంది” అని దీవెన స్టేజి ఎక్కింది.

ఒక ఇబ్బంది ఉంది. తిరగేస్తే నా కొక్కెం లోపలికి పోతుంది, పెట్టుకోవడం కుదరదు. అందుకని ఆమె కుడిచేత్తో నన్ను గొంతు దగ్గర పట్టుకునే ఉండాల్సి వచ్చింది. లైట్లన్నీ ఆ చేతి మీదే పడుతున్నాయి. ఎర్ర శాటిన్ మీద నల్లటి చెయ్యి. ఇన్నేళ్ళూ చేతుల్ని నా లోపల దాస్తూ వచ్చినదాన్ని, ఒక చెయ్యి అంతమంది ముందు నన్ను బాహాటంగా పట్టుకుని నిలబడటం నేను చూడటం అదే మొదలు. గర్వంగా ఉందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆడుతున్నది సభ ఘట్టం. పాత పిశాచాలు కుర్చీల్లో ఉంటాయి. తమస్వి వచ్చినా లేవవు, అది అవమానం. పెద్ద పిశాచం శ్రీకర్ ముక్కు చిట్లించి, “ఈ సభలో ఎండ వాసన వస్తోంది” అన్నాడు.

దీవెన అతని వైపు ఒక అడుగు వేసింది. తర్వాత బొంగురు గొంతుతో నింపాదిగా అంది. “వస్తుంది. ఎండలో పనిచేసినవాళ్ళ నెత్తురే కదా, ఇన్నాళ్ళూ మీరు తాగి బతికింది.”

పుస్తకంలో ఉన్న మాటే. అందరికీ కంఠతా వచ్చిన మాటే. అయినా అప్పుడు శ్రీకర్ లేచి నిలబడ్డాడు. కథ ప్రకారం అతను ఆఖరి దాకా కూర్చునే ఉండాలి. అతను లేచాడని మిగతా పిశాచాలు కూడా ఒక్కొక్కటే లేచాయి. ఘట్టం మొత్తం తారుమారైంది. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే అది తప్పని ఎవరంటారు? తర్వాత శ్రీకర్ దీవెన దగ్గరికొచ్చి, “కాళ్ళు తిమ్మిరెక్కాయి, అందుకని లేచా” అన్నాడు. మళ్ళీ తనే తల దించుకుని, “కాదులే. పౌడరు కొట్టకుండా ఉండాల్సింది” అన్నాడు. దీవెన నవ్వి, చేతులు తుడుచుకోమని తువ్వాలు అందించింది. అతని వేళ్ళ నిండా ఇంకా పౌడరే.

మర్నాడు నన్ను తిరిగి ఇవ్వడానికి దీవెన తెనాలి వచ్చింది. మచ్చల సంగతి ఎలా చెప్పాలా అని భయపడుతూ సంచీ కోటిలింగం చేతికిచ్చి, అరుగు మీద నిలబడింది. లోపల రాజ్యం నన్ను తీసి, నల్ల వైపు పైకి తిప్పి, అలవాటు ప్రకారం భుజాన వేసుకుంది. గుమ్మానికి వీపు పెట్టి అద్దం ముందు నిలబడింది. చేతులు రెండూ లోపలికి లాక్కుంది.

అరుగు మీంచి చిన్న కేక వినబడింది.

“తమస్వీ!”

రాజ్యం తల తిప్పింది. “ఎవరమ్మా? నా పేరు రాజ్యం.”

దీవెన లోపలికొచ్చి, తన చేతిసంచీలోంచి పుస్తకం తీసి అట్ట చూపించింది. రాజ్యం కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. “ఓర్నీ, ఆ బొమ్మలాయన చేసిన పనా ఇది?” అని పకపకా నవ్వింది.

“అమ్మమ్మా, చేతులెందుకు లోపల పెట్టుకున్నారు?” అని అడిగింది దీవెన. ఎంతమంది ఎన్ని రాత్రులు తగువులాడిన ప్రశ్న అది!

“మొహానికే రంగు పూసేవాళ్ళమ్మా. చేతులకి ఉండేది కాదు. నల్ల చేతులతో రాజేందని దాచుకునేదాన్ని. ఇప్పుడు వేషం లేకపోయినా ఆ అలవాటు పోలా.”

దీవెన తన చెయ్యి నా లోపలికి పోనిచ్చి, రాజ్యం చేతిని పట్టుకుని బయటికి తీసింది. తర్వాత రెండోది తీసింది. రెండు జతల చేతులు నా మీద పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎవరిదో అద్దంలో నాకు తెలియలేదు. రాజ్యం వాటిని చూసుకుని, కళ్ళు తుడుచుకుని, “ఆ మచ్చలదేముంది, ఆవిరి పడితే పోతాయి” అంది.

దీవెన ఫోటో తీసింది. ఈసారి ముందు నుంచి. గుంపులో పెట్టిందని, ఆ పూట అక్కడ ఒక్కరూ వాదించలేదని తర్వాత విన్నాను. రెండో రోజు మళ్ళీ మొదలెట్టారట, కేప్ నలుపా ఎరుపా అని. వాదించుకోనీయండి, పాపం, వాళ్ళ సంతోషం వాళ్ళది.

మచ్చలు ఆవిరికి పోయాయి. రాజ్యం నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర వైపు కూడా ఒక ఇత్తడి కొక్కెం కుట్టింది. ఇప్పుడు నన్ను అద్దెకి తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ఏ వైపు వేసుకోవాలని అడుగుతుంటారు.

“నీకు నచ్చిన వైపు” అంటుంది రాజ్యం. అని, వాళ్ళ చేతులు బయటే ఉండేలా నన్ను భుజాన వేస్తుంది.