తోక మొదట్లో గుంట

నేను ఒక సూదిని. బట్టలు కుట్టేదాన్ని కాను, పశువుల వెన్నులో మొద్దుబార్చే మందు దించేదాన్ని. ఎక్కడో ఫ్యాక్టరీలో సన్నటి ఉక్కు గొట్టంగా సాగి, మొన తేలి, కనిగిరి వైపు ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రికి చేరాను. రోజూ మరిగే నీళ్ళలో స్నానం. మనుషుల్లో అంత శుభ్రంగా ఉండేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

మొదట డాక్టరు సుదర్శనరావుగారి చేతిలో ఉన్నాను. గేదె నడుము పూసల వెనక త్రికాస్థి ఉంటుంది. దాని పూసలన్నీ అతుక్కుపోయి ఒకటే ఎముక, కదలదు. ఆ తర్వాతే తోక పూసలు. ఆయన తోకను చేతిపంపు పిడిలా పైకీ కిందికీ ఆడిస్తూ బొటనవేలితో తడిమేవారు. వేలి కింద ఒక చిన్న గుంట తెరుచుకుని మూసుకునేది. అక్కడ నన్ను దించి, నా తలమీద ఒక చుక్క మందు ఉంచేవారు. చుక్క లోపలికి జారిపోతే చోటు సరైనదే. మందంతా ఎక్కించాక, అది పట్టేదాకా పది నిమిషాలు ఊరికే నిలబడేవారు. నాకు విసుగొచ్చేది.

ఆయన రిటైరయ్యాక డాక్టరు హిమజ వచ్చింది. కొత్త ఉద్యోగం. ఒక ఉదయం మాలకొండమ్మ గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క గేదే. దూడ ముందరికాలు లోపల మడతపడింది. సరిచేద్దామని చెయ్యి పెడితే గేదె ముక్కి బయటికి తోసేస్తోంది. హిమజ గుంటను సరిగ్గానే పట్టింది, చుక్క కూడా లోపలికి పోయింది. కానీ రెండు నిమిషాలైనా ముక్కడం ఆగలేదని కంగారుపడి, నాలోంచే మళ్ళీ అంత మందూ ఎక్కించింది.

దూడ ప్రాణాలతో బయటపడింది. మందు మాత్రం వెన్నులో ముందుకు పాకి నడుము దాకా వెళ్ళింది. గేదె వెనక కాళ్ళు చచ్చుబడి కూలిపోయింది. ఈనిన గేదె పడిపోతే మళ్ళీ లేవకపోవచ్చని అక్కడున్న అందరికీ తెలుసు. నాకు భయం వేసింది.

కాన్పు నీరసమని చెప్పి హిమజ తప్పించుకోవచ్చు. ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

"తొందరపడి మందు ఎక్కువిచ్చానమ్మా. తప్పు నాదే," అంది.

మాలకొండమ్మ కళ్ళు తుడుచుకుని కొంగు నడుముకు దోపింది.

"ఒప్పుకున్నారు గదా డాక్టరమ్మా. ఇంక ఆపక్క పట్టండి, తిప్పుదాం."

గడ్డిమోపులు ఆనించి, ఒకే పక్క నలిగిపోకుండా ఇద్దరూ మాటిమాటికీ గేదెను తిప్పారు. మధ్యాహ్నం దాటాక అది రెండుసార్లు తడబడి, మూడోసారి లేచి నిలబడింది. తోక మాత్రం ఇంకా చచ్చుబడి వేలాడుతూనే ఉంది. అలాగే తిరిగి దూడను నాకింది. హిమజ పేడలోనే కూర్చుని ఏడ్చింది.

మరుసటేడు నా మొన వంగింది. పాత సూదుల డబ్బాలో వేశారు. ఇక్కడ అందరూ తాము బతికించిన పశువుల గురించే చెప్పుకుంటారు. నేను మాత్రం మేము పడగొట్టిన ఆ గేదె గురించి చెబుతాను.