మాట అందించే మనిషి

మా నాన్న పగలు చెప్పులమ్మేవాడు, సాయంత్రం రాజ్యమేలేవాడు. బజారు మూలమీది దుకాణంలో పొద్దుటినుంచీ జనం పాదాల దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, వేలి దగ్గర బిగుతుగా ఉందా, ఇంకో సైజు చూపించనా అని బతిమాలిన మనిషే, సాయంత్రం నాటకాల హాల్లో అట్టకిరీటం పెట్టుకుని సింహాసనమ్మీద కాలుమీద కాలేసుకునేవాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రాజుగారంటే మా నాన్నే. ఇంట్లో అమ్మ కూడా అలాగే పిలిచేది, కాకపోతే ఆ పిలుపులో కాస్త వెటకారం కలిసేది. రాజుగారూ, చెత్తబుట్ట కిందికి ఎవరు దించుతారు అని అడిగేది. రాజుగారే దించేవాడు.

అమ్మ పగలు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరెవరి కిటికీలకో కర్టెన్లు కుట్టేది. సాయంత్రం అదే హాల్లో పక్కతెర వెనక చిన్న స్టూలు వేసుకుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, మరిచిపోయినవాళ్ళకి మాట అందించేది. చూడ్డానికొచ్చినవాళ్ళెవరూ ఆమె ముఖం ఎరగరు. వేషం కట్టినవాళ్ళకి మాత్రం ఆమె అక్కడుంటే కొండంత ధైర్యం. పుస్తకం పేరుకే ఒళ్ళో ఉండేది, తెరిచి చూడగా నేను ఎక్కువసార్లు చూడలేదు. ఏ నాటకంలో ఏ మాట ఎవరంటారో, దానికి అవతలివాళ్ళు ఏం బదులిస్తారో అంతా ఆమెకి కంఠతా వచ్చు.

నేను ఆ స్టూలు పక్కనే పెరిగాను. ముఖానికి పూసే రంగుల వాసన, దుమ్ముపట్టిన మఖమల్ తెర వాసన, గ్రీన్‌రూంలో కాగిన టీ వాసన. ఇప్పుడా హాలు లేదు, దాని జాగాలో కార్లు నిలబెట్టుకుంటున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా, ఇదిగో ఇక్కడే కదా అమ్మ స్టూలు ఉండేది అని ఏ ఎర్రకారు దగ్గరో నిలబడిపోతాను. కారువాళ్ళు నన్ను అనుమానంగా చూస్తారు. చూసుకోనీ.

నాకు ఓపిక లేదు. పుట్టుకతోనే లేదు, ఈ వయసులో వస్తుందన్న ఆశా లేదు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివర నేనే అందుకుని పూర్తిచేసేస్తాను. నాన్న నన్ను టపాకాయ్ అనేవాడు. చిన్నప్పుడోసారి మంత్రిగారు కళ్ళు తుడుచుకోవడానికని క్షణం ఆగితే, మరిచిపోయాడు కాబోలనుకుని నేను పక్కనుంచి గట్టిగా మాట అందించేశాను. వెనక వరసల దాకా వినిపించింది. హాలంతా గొల్లుమంది. మంత్రిగారంటే పగలు బస్సు నడిపే మనిషి, నాన్నకి ప్రాణస్నేహితుడు, ఎప్పుడూ మంత్రి వేషమే. పాపం ఆయన ఏడుపంతా గాల్లో కలిసిపోయింది. అమ్మ తిట్టలేదు. ఇంటికి నడిచొస్తూ చెప్పింది.

"ఆగాడంటే మర్చిపోయాడని కాదే. ఊపిరి తీసుకుంటున్నాడేమో చూడాలి. నిజంగా మర్చిపోయినా అంతా అందించెయ్యకూడదు. మొదటి అక్షరం అందిస్తే చాలు, మిగతాది వాళ్ళే తెచ్చుకుంటారు."

విన్నాను. చెవికెక్కించుకోలేదు.

అమ్మ నిబ్బరం సంగతి చెప్పాలంటే ఆ యుద్ధం కథ చెప్పాలి. ఒక నాటకంలో మొదటి అంకంలోనూ చివరి అంకంలోనూ రాజుగారి మాట ఒకేలా మొదలవుతుంది. నాన్న మొదటి అంకంలో ఉండి చివరి అంకంలోకి దూకేశాడు. శత్రురాజు ఇంకా గ్రీన్‌రూంలో మీసం అతికించుకుంటున్నాడు, ఇవతల నాన్న వాణ్ణి ఓడించి చెరసాలలో కూడా వేయించేశాడు. మంత్రిగారికి ముచ్చెమటలు పట్టాయి. తెర లాగేవాడు, నాటకం అయిపోయింది కాబోలని తాడు పట్టుకున్నాడు. అమ్మ వాణ్ణి చేత్తో వారించి, ఒక్క క్షణం ఆలోచించి, ఏ పుస్తకంలోనూ లేని మాట మంత్రిగారికి అందించింది. ఆయన గొంతు సవరించుకుని, "ప్రభూ, అది తమరు కన్న కల. యుద్ధం ఇంకా మొదలవలేదు" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నాన్న నిద్రలేచినవాడిలా కళ్ళు నులుముకుని మళ్ళీ మొదటి అంకంలోకొచ్చాడు. ఆ రోజు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం. అంత నవ్వు మళ్ళీ మా ఇంట్లో నవ్వలేదు.

ఆ తర్వాతి ఏడాది, నేను ఒక మందుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికి కుదురుకున్న కొత్తలో, అదే హాల్లో రాజసభ జరుగుతోంది. నేను ముందు వరసలో ఉన్నాను. నాన్న మంత్రివర్యా అన్నాడు. ఆగాడు.

అమ్మ తొందరపడలేదు. ఊపిరి తీసుకుంటున్నాడేమో చూసింది. తర్వాత మొదటి అక్షరం అందించింది. నాన్న అందుకోలేదు. మాట మొత్తం అందించింది. అదీ అందుకోలేదు. జనం అదంతా నటన అనుకుని మెచ్చుకోలుగా తలలాడిస్తున్నారు. అప్పుడు నాన్న మెల్లగా తల తిప్పి పక్కతెర వైపు చూశాడు. సింహాసనమ్మీద కూర్చున్నాక అటువైపు కన్నెత్తి చూసే అలవాటే లేని మనిషి. నోరు ఒక పక్కే కదిలింది.

నేను కెవ్వున కేకపెట్టి పరిగెత్తేసరికే తెర దిగిపోయింది. అమ్మ అరవకుండా, గొంతు పెంచకుండా తెర దించమందట. నాన్న తల ఒళ్ళో పెట్టుకుని, నడుముకి కట్టిన పటకా వదులు చేస్తోంది. మంత్రిగారు బండి కోసం పరిగెత్తాడు. నేను గుండెలు బాదుకుంటున్నాను. అరిచింది చాలుగాని ఆయన కాళ్ళకున్న జోళ్ళు విప్పు అంది అమ్మ. విప్పాను. నేను ఒక కాలిది విప్పేలోగా ఆమె పటకా, కిరీటం తీసేసింది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి వరండాలో మా పెద్దత్త, అంటే నాన్న అక్కగారు, కళ్ళొత్తుకుంటూ మా అమ్మని చూసి, మొగుడు అలా పడుంటే నిమ్మకు నీరెత్తినట్టు ఎలా ఉందమ్మా అంది. నేను పోట్లాడాల్సింది. పోట్లాడలేదు, ఎందుకంటే నాకూ ఒళ్ళు మండుతూనే ఉంది. ఒక్క కన్నీటిచుక్క రాల్చదేం ఈవిడ అనుకున్నాను. అక్కడ బెంచీమీద కూర్చుని, ఎవరో పుచ్చుకెళ్ళాల్సిన కర్టెన్లకి అంచు కుట్టుకుంటోంది.

ఒకరోజు పొద్దున్నే నర్సు దుప్పటి మారుస్తుంటే వార్డంతా దద్దరిల్లేలా వినిపించింది, "ఎవరక్కడ!" అని. నర్సు దుప్పటి వదిలేసింది. పక్కమంచం ముసలాయన లేచి కూర్చున్నాడు. మా నాన్న గొంతే. పూర్వంలాగే గంట కొట్టినట్టుంది. నేను ఏడ్చి, నవ్వి, నర్సుని కావలించుకున్నాను. మాట వచ్చేసిందనుకున్నాను.

రాలేదు. వచ్చినవి రాజుగారి మాటలు. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు, ఏళ్ళతరబడి బట్టీపట్టినవి ఒక్కోసారి అలా మిగిలిపోతాయి, అప్పటికప్పుడు కూర్చుకునే సొంతమాటలు రావడం కష్టం, రావచ్చు, రాకపోవచ్చు అని. ఇంటికి తీసుకొచ్చాక కూడా అంతే. నీళ్ళు కావాలని అడగలేడు. ఎవరక్కడ అనగలడు. దీపం ఆర్పమని చెప్పలేడు. నేటికి సభ చాలు అనగలడు. మాత్ర చేదనిపిస్తే, ఈ ద్రోహిని చెరసాలలో బంధించండి అని నావైపు వేలు చూపించేవాడు. కింది వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు మా ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కురమ్మని ఇల్లుగలావిణ్ణి పంపారు కూడా.

అమ్మకి మాత్రం ఇవన్నీ తెలిసిన మాటలే కదా. ఏ మాట దేనికో కొద్దిరోజుల్లోనే పోల్చేసుకుంది. సాయంత్రం నేను ఆఫీసునుంచి రాగానే నాన్న, రాజ్యమున ప్రజలు సుఖముగా ఉన్నారా అనేవాడు. నేను తిన్నానా లేదా అని దాని అర్థమట. అమ్మ మిషను ఆపకుండానే, సుఖముగా ఉన్నారు ప్రభూ అని మంత్రిగారి బదులు చెప్పేసి నాకు కంచం పెట్టేది. ఆయన ముఖం విప్పారేది.

నాకది భరించరానిదిగా ఉండేది. పలకరించడానికొచ్చినవాళ్ళందరూ మా ఇంట్లో రోజూ నాటకం చూసినట్టు నవ్వుకుని వెళ్ళేవాళ్ళు. నాకు రాజు వద్దు. నాకు మా నాన్న కావాలి. ఆయన సొంత మాట, ఏ పుస్తకంలోదీ కానిది, ఒక్కటంటే ఒక్కటి వినాలి. అది వినకుండా ఆయన పోతాడేమోనన్న భయం నన్ను తినేసేది. బొమ్మల అట్టలు కొనుక్కొచ్చాను. గ్లాసు బొమ్మ చూపించి, నీళ్ళు అను నాన్నా, నీ, నీళ్ళు, అని వెంటపడేదాన్ని. ఆయన నోరు తిప్పుకునేవాడు, నుదుట చెమట పట్టేది, ఆఖరికి గోడవైపు తిరిగిపోయేవాడు. మా నాన్న నన్ను చూసి ముఖం తిప్పుకోవడం అంతకుముందెన్నడూ లేదు.

ఒకనాడు అలా తిరిగిపోతే అట్టలు నేలకేసి కొట్టాను. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"దొరికిన మాటలతో ఆయన ఎలాగో నెట్టుకొస్తున్నారు. నీకు కావలసిన మాటలు అనమని పీడించకు."

"నీకేం భయం లేదా అమ్మా? అసలు బాధైనా ఉందా?"

"ఎందుకుండదే. భయపడితే నాకు చెయ్యి ఆడదు. చెయ్యి ఆడకపోతే ఇల్లెలా? తర్వాత చూద్దాంలే అని ఓ పక్కన పెట్టాను."

అంతే. తలుపు తీసుకుని వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడి కుళ్ళికుళ్ళి ఏడ్చాను. అట్టలు మళ్ళీ బయటికి తియ్యలేదు.

చెప్పుల దుకాణంవాళ్ళు కొత్త మనిషిని పెట్టుకున్నారు, తప్పు పట్టలేం. అమ్మ కర్టెన్ల పని రెట్టింపు చేసుకుంది. వంట, నాన్నకి స్నానం, ఆయన చేతికి వ్యాయామం, మధ్యమధ్య మిషను. ఆదివారాలు మంత్రిగారు వచ్చి నాన్నతో సభ నడిపేవాడు, ఆ కాసేపట్లో అమ్మ బట్టల కొట్టుకి పోయి గుడ్డ తెచ్చుకునేది. ఆమె కూర్చుని తినగా నేను చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడే రెండు ముద్దలు మింగేది. కాళ్ళు వాచాయమ్మా అంటే, వాటికి వేరే పనేముంది అనేది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం. ఏదో పెద్ద హాలుకి కుట్టాల్సిన కర్టెన్లు గదినిండా పరిచి ఉన్నాయి. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అమ్మ టీ తెచ్చి ఆయన ఎడమచేతికిచ్చి వెనక్కి తిరిగింది. ఆయన టీ కిటికీ గట్టుమీద పెట్టేసి అమ్మ మణికట్టు పట్టుకున్నాడు.

ఏం కావాలి ప్రభూ అంది అమ్మ మామూలుగా. నాన్న తల అడ్డంగా ఊపాడు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్ళీ కదిలాయి. నుదుట చెమట. నా నాలుక చివర పది మాటలున్నాయి, నీళ్ళా, దిండా, ఎండ పడుతోందా. నోరు తెరవబోతే అమ్మ ఆయనవైపే చూస్తూ రెండో చెయ్యి నాకడ్డం పెట్టింది. తను కూడా ఏమీ అందించలేదు. మొదటి అక్షరమైనా అందించలేదు. ఎంతసేపలా నిలబడ్డామో నాకు తెలీదు, నా ప్రాణాలు మాత్రం నా దగ్గర లేవు.

"కూ..." అన్నాడు నాన్న. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "కూచో."

రాజుగారి గొంతు కాదది. చెప్పుల దుకాణంనుంచి అలిసిపోయి వచ్చిన గొంతు, పక్కనున్నవాళ్ళకి తప్ప వినబడని గొంతు. అది ఎలా ఉంటుందో నేను మరిచిపోయానని అప్పుడు తెలిసింది.

అయినా నాకు నమ్మకం చాలలేదు. ఏ రాజు ఏ రాణితో అన్నదో అనుకున్నాను. "ఇది ఏ నాటకంలోదమ్మా?" అని అడిగాను.

అమ్మ తనకి తెలిసిన నాటకాలన్నీ మనసులో తిరగేసిందనుకుంటా.

"ఎందులోనూ లేదే" అంది.

అని, గదినిండా పరిచిన ఆ కొత్త గుడ్డమీదే, నలిగిపోతుందని కూడా చూసుకోకుండా, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్చుని, ఇంతకాలం ఓ పక్కన పెట్టిందంతా, గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. నాన్న చెయ్యి వదల్లేదు. నేను వెళ్ళి ఆమె కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకున్నాను.