తారుమారైన బుడగలు

తప్పులుంటే మన్నించండి. అరవై రెండో ఏట అక్షరాలు దిద్దాను. ‘ల’కీ ‘ళ’కీ నాకింకా పేచీయే. ఈ రెండు కాగితాలు నింపడానికి తొమ్మిది రోజులు పట్టింది. మేడ మీది నర్సమ్మాయి తప్పులు సరిచేసింది, మధ్యమధ్య నవ్వింది కూడా.

మా ఆయన పిల్లల బొమ్మల పుస్తకాలు గీసేవారు. గాల్లో ఎగిరే వీరులు, కొండలు ఎత్తేవాళ్లు, అలాంటివి. బొమ్మలో మనిషి నోటి పక్కన మాటల బుడగ ఉంటుంది చూడండి, ఆ మాటలు వేరే కాగితం మీద రాసి, కత్తిరించి, బుడగలో అంటించాలి. అంటించడం నా పని. నాకు చదువు రాదు కాబట్టి ప్రతి ముక్క వెనకా ఆయన పెన్సిలుతో గుర్తు పెట్టేవారు. చిన్నవాళ్ల మాటకి చుక్క, పెద్దవాళ్ల మాటకి గీత.

“నాలుగు అక్షరాలు నేర్చుకోవే, ఈ చుక్కల గోల తప్పుతుంది,” అనేవారు.

“చదివిపెట్టడానికి మీరున్నారుగా,” అనేదాన్ని.

ఆయన చివరి పుస్తకంలో నిప్పుపిల్ల అనే అమ్మాయి ఉంది. పద్నాలుగేళ్లది, అరచేతుల్లో మంట పుట్టిస్తుంది. ముక్కు మాత్రం అచ్చం నాదే. అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఆ పిల్ల తన జట్టుతో కాలం తలుపు దాటి వెళ్తే, అవతల వాళ్లకి వాళ్లే ముసలివాళ్లై ఎదురొస్తారు. ఆఖరి పేజీలో నిప్పుపిల్లా, ముసలి నిప్పుపిల్లా ఎదురెదురుగా నిలబడతారు.

ఆ పేజీ ఇవ్వాల్సిన రోజు ఆయన జ్వరంతో పడుకున్నారు. ప్రెస్సు ఓనరు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రెండు ముక్కలు మిగిలాయి. వెనక చుక్కా లేదు, గీతా లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆయన్ని లేపబుద్ధి కాలేదు. ఎక్కువ మాట్లాడేది ముసలివాళ్లే కదా అనుకుని, పొడుగుది ముసలిదాని నోట పెట్టాను, పొట్టిది పిల్ల నోట పెట్టాను.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆయన చివరిదాకా తిరగేసి, “బాగా అంటించావు,” అన్నారు. ఆ ఏడే పోయారు.

అక్షరాలు వచ్చాక మొదట తీసింది ఆ పుస్తకమే. కూడబలుక్కుంటూ ఆఖరి పేజీకి వచ్చాను. ముసలి నిప్పుపిల్ల అంటోంది: “ఇంకా ఎంత దూరం నడవాలి? ఒక్కదాన్నే ఎలా వెళ్లను? నాకు భయంగా ఉంది.” మంట చేతుల పిల్ల అంటోంది: “నేనున్నాగా. నడువు.”

నర్సమ్మాయిని కిందికి కేకేశాను.

“తారుమారు చేశాను,” అన్నాను నర్సమ్మాయితో. “అడగాల్సింది పిల్ల. ధైర్యం చెప్పాల్సింది పెద్దది.”

“ఎప్పటి మాటో పిన్నీ. ఇప్పుడెవరు పట్టించుకుంటారు?”

“ఆయన చూసి కూడా నా మొహం చూసి ఊరుకున్నారో, అసలు చూడనే లేదో. అది తెలియాలి నాకు.”

“అచ్చుకి ముందు దిద్దడానికి ప్రూఫు పంపుతారు కదా. అలాంటి కాగితాలేమైనా ఉన్నాయా మీ దగ్గర?”

ఉన్నాయి. ప్రెస్సు మూసేస్తూ ఓనరు ఇచ్చిన కట్ట నా బట్టల అడుగునే ఉంది. ఆఖరి పేజీ అంచున ఆయన ఎర్ర పెన్సిలు రాత ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను, ప్రెస్సువాళ్లకి చీవాట్లేమో అనుకుని. కట్ట తెచ్చి విప్పాను. నర్సమ్మాయి చెయ్యి చాచింది.

“ఆగు, నేనే చదువుతా,” అన్నాను. ‘ర్చ’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

“బుడగలు తారుమారయ్యాయి. మార్చకండి. నేను రాసినదానికన్నా ఇదే నిజం. మా ఆవిడకి చెప్పొద్దు.”

నర్సమ్మాయి ముక్కు చీదుకుంది. “చెప్పొద్దంటే చదివేశారు మీరు,” అంది.

“నేర్చుకోమన్నదీ ఆయనేగా,” అన్నాను.

ఆ బొమ్మలోని ముసలిదానికన్నా ఇప్పుడు నేనే పెద్దదాన్ని. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఆ పేజీ తెరుస్తాను. ముసలిదాని మాట పైకి చదువుతాను. పిల్ల మాట దగ్గర ఆగిపోతాను. చదవడం వచ్చు. అయినా చదవను. చదివిపెట్టడానికి మీరున్నారుగా అని, చెవి ఒగ్గి కూర్చుంటాను.

ఇట్లు,
జిగురు పిన్ని (ప్రెస్సువాళ్లు పెట్టిన పేరు, నాకిష్టమే),
అరవై నాలుగేళ్లు,
పాత ప్రెస్సు వెనక మేడ, కింది గది.