బిళ్ళ మింగిన పాట

మినోబె తాజుకో పాటలోంచి ఆరు స్వరాలు ఎగిరిపోయిన మధ్యాహ్నం ఆఫీసంతా నూడుల్స్ జుర్రుతోంది. ఒసాకాలో, స్టేషను వెనక సందులో, జూదశాల మీది అంతస్తులో ఉండేదా కంపెనీ. నిన్నమొన్నటిదాకా సిగరెట్లమ్మే యంత్రాలు చేసుకుని బతికింది. పక్కవాడు వీడియో గేములతో మేడ కట్టేసరికి కళ్ళు కుట్టి, తనూ అందులో దిగింది. పక్కవాడి గేములో పాట ఉందని తెలిసి, సంగీత కళాశాలలో పియానో నేర్చిన తాజుకోని ఉద్యోగంలోకి తీసుకుంది.

బిళ్ళ వేసి ఆడే ఆ గేము పేరు 'చేపల దొంగ'. పిల్లి ఒకటి చేపల బజారులో దూరి, చీపురుదెబ్బలు తప్పించుకుంటూ చేపలు కాజేస్తుంది. అది నడుస్తున్నంతసేపూ పాట రావాలి. ఆ యంత్రానికి ఉన్నవి మూడే గొంతులు, మూడిటికీ జలుబే. ఆ జలుబు గొంతులతోనే తాజుకో ముద్దొచ్చే పాట కట్టింది. పాట మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయి, ఇక బోర్లా పడుతుందనుకున్న చోట ఆరు స్వరాలు చెయ్యందించి మెల్లగా దించుతాయి. ఆ ఆరు స్వరాల మీదే ఆమె ప్రాణమంతా.

సెక్షన్ హెడ్ హాచియా నూడుల్స్ గిన్నె పట్టుకునే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏమండీ తాజుకో గారూ, బిళ్ళ పడితే మోతేదీ?"

"టిక్కుమంటుంది కదండీ."

"టిక్కా! గోడ మీద బల్లి కూడా అంటుందమ్మా టిక్కని. అవతలవాడు వంద యెన్ల బిళ్ళ వేశాడు! వాడి గుండె ఝల్లుమనాలి, మన ప్రెసిడెంటు గారి కడుపు చల్లబడాలి."

"మెమరీలో ఆవగింజంత చోటు కూడా లేదండీ."

"పాటలో కొయ్యండి. ఇదిగో, ఇక్కడేదో తోక లాంటిది వేలాడుతోంది చూడండి. పిల్లికి ఎలాగూ ఒకటుందిగా, ఇంకో తోకెందుకు?"

గది గదంతా నవ్వింది. తాజుకో కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు గనక. పళ్ళు బిగబట్టి ఆరు స్వరాలూ కోసేసింది. కానీ మనసు ఊరుకోలేదు. కోసిన ఆ ఆరింటినే రెప్పపాటులో పలికేలా కుదించి, బిళ్ళ మోతగా పెట్టేసింది. ఛలింగ్! ప్రెసిడెంటు గారు తన జేబులోని బిళ్ళలన్నీ వేసి వేసి విని మురిసిపోయారు. ఆ ఆలోచన తనదేనని హాచియా ఊరంతా చాటుకున్నాడు. పాటలో మాత్రం ఆ చోట ఏమీ మిగల్లేదు. పిల్లి రెండడుగులు మూగగా నడిచి, మళ్ళీ పాటందుకునేది.

గేము చివర పేర్లు వేసేవాళ్ళు గానీ, అసలు పేర్లు కాదు. పక్కవాడు మనుషుల్ని ఎగరేసుకుపోతాడని కంపెనీకి భయం. తాజుకో లంచ్ డబ్బాలో రోజూ అన్నం మీద ఊరేసిన పుల్లటి ఉమెబోషి పండు ఉంటుందని, హాచియా ఆమెకి ఉమెబోషి అని పేరు పెట్టాడు. 'ఇన్నాళ్ళూ ఏం పాటలు కట్టావే?' అని అత్తయ్య అడిగితే, చూపించుకోడానికి ఆమెకి ఊరగాయ పేరొక్కటే దక్కింది.

కొన్నాళ్ళకి కంపెనీ మళ్ళీ సిగరెట్ల యంత్రాలకే వెళ్ళిపోయింది. తాజుకో ఇంట్లో పిల్లలకి పియానో చెప్పుకుంటూ ముసలిదైపోయింది. ఆ గేము ఆడిన పిల్లలూ పెద్దవాళ్ళై, జుట్టు రాలి, కొలెస్టరాల్ మాత్రలు మింగుతూ, ఎలా వెదికి పట్టుకున్నారో గానీ, ఒకరోజు ఆమె గుమ్మంలోకి వచ్చారు. పెద్ద హాల్లో, పూర్తి ఆర్కెస్ట్రాతో ఉమెబోషి గారికి సన్మానమట. తాజుకోకి సన్మానం ఎందుకూ అక్కర్లేదు. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ పాట తెగకుండా వినాలని మాత్రం ఉంది. అందుకే ఆరు స్వరాలూ పొందిగ్గా రాసి, వాద్యబృందం నడిపే ఆయనకి ముందే పంపింది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి తన ఇంటి గోడకి తగిలించుకున్నాడు.

సన్మానం రోజున హాచియా కర్ర పట్టుకుని వచ్చి ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పాట మొదలైంది. మెట్టు మీద మెట్టు ఎక్కింది. అసలు చోటు వచ్చేసరికి వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వయొలిన్ల కమానులు గాల్లో నిలబడ్డాయి. జనం కళ్ళు మూసుకున్నారు.

తర్వాత ప్రొఫెసర్ కురహాషి మైకందుకున్నాడు.

"ఆ మౌనం! మన పూర్వీకుల రాతితోటల్లో రాయికీ రాయికీ మధ్య ఉన్న ఖాళీ లాంటి మౌనం! గురువుగారూ, అది మీకెలా తోచిందో సెలవివ్వాలి."

"తోచడానికేముందండీ? అక్కడ ఆరు స్వరాలుండేవి. బిళ్ళ మోతకి చోటు చాలక కోసేశాం."

హాలు గొల్లుమంది, వెంటనే చప్పట్లు. "చూశారా! పండిన చెట్టు ఎలా వంగుతుందో!" అన్నాడు ప్రొఫెసర్.

"వినయం కాదు బాబూ, నిజమే చెబుతున్నా."

చప్పట్లు రెట్టింపయ్యాయి. మా జపానువాళ్ళలో పొగిడితే కాదనడం మర్యాద. 'కాదు' అన్నకొద్దీ పొగడ్త పెరుగుతుందే గానీ తరగదు. పాపం, ఆమె నిజం ఆ మర్యాదలో పడి కొట్టుకుపోయింది.

హాచియా కర్ర మీద లేచాడు. "నేనే చెప్పానండీ ఆవిడకి. తీసెయ్యమ్మా, తీసేస్తేనే మిగులుతుంది, అని."

ప్రొఫెసర్ ఆ మాట కూడా రాసుకున్నాడు.

చివర్లో అందరూ బతిమాలి తాజుకోని పియానో ముందు కూర్చోబెట్టారు. మళ్ళీ అదే పాట. వాద్యాలు ఆగిన చోట ఆమె ఆగలేదు. ఆరు స్వరాలూ ఒక్కొక్కటే, తీరుబడిగా వాయించింది. ఇన్నేళ్ళూ గాల్లో వేలాడిన పాట మెల్లగా నేల మీద కాలు మోపింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకావిడ జాలిగా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. రోగిని చూడ్డానికొచ్చినవాళ్ళు నవ్వినట్టు, మెత్తమెత్తగా నాలుగు చప్పట్లు వినిపించాయి. "పెద్ద వయసు కదండీ, చెయ్యి జారింది," అని హాచియా మైకులో సర్దిచెప్పాడు.

బయట మెట్ల దగ్గర ఒక బట్టతలాయన ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. నడుము దాకా వంగి దండం పెట్టాడు.

"గురువుగారూ, మీరేం బాధపడకండి. మీరు తప్పు వాయించినా, మా చెవులకి ఆ మౌనమే వినబడింది."

ఆమె నోరు తెరిచేలోగా ఆయన జేబులో ఫోను మోగింది. ఛలింగ్!

ఆయన ముఖం కందగడ్డయింది. "అయ్యయ్యో, క్షమించండి! మెసేజీ. ఆ గేములో బిళ్ళ మోతండీ, చిన్నప్పటి పిచ్చి. మీ ముందు ఇలాంటి చిల్లర శబ్దం..."

"ఇంకోసారి మోగించు నాయనా," అంది తాజుకో.

"అబ్బ, ఎంత పెద్ద మనసండీ మీది!" అంటూ ఆయన మళ్ళీ వంగి దండం పెట్టి, ఫోనుని సైలెంటులో పెట్టేశాడు.