తారాబాయి పెట్టిన పరీక్ష

మా బడిలో ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయనిది నేనొక్కడినే. ముప్పయ్యో తారీఖున కోర్సు మూసేస్తారని, ఆ తర్వాత అందులో ఏదీ కనబడదని హెడ్మాస్టరమ్మ సుమిత్రమ్మ చెప్పిన రోజు నవంబరు ఇరవై. నేను తల ఊపి, లెక్కల నోటుబుక్కులు దిద్దుకుంటూ కూర్చున్నాను.

"సార్, మూడో పాఠం దాకనన్న చెయ్యుండ్రి," అంది తెలుగు చెప్పే రోజా.

"ఎందుకు?"

"అండ్ల మేడం పెట్టిన పరీక్ష ఉన్నది. మీ మీద."

మేడం అంటే తారాబాయి, నా భార్య. ఇదే బడిలో సైన్సు చెప్పేది. జూలైలో కోర్సు పూర్తి చేసింది. ఆగస్టులో పోయింది. అయిదు రోజుల జ్వరం.

వ్యాయామం చెప్పే భోజన్న నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. "మేమంత రాసినం సార్. నాకు అయిదిట్ల నాలుగచ్చినయ్."

"నా గురించి నీకు నాలుగా?"

"రోజాకు గూడ నాలుగే."

"ఫోన్ ఇటియ్యమ్మా, చూస్త."

రోజా తన ఫోన్‌ను బోర్లా పెట్టి, దాని మీద హాజరు పట్టిక పెట్టి, దాని మీద చెయ్యి పెట్టింది. "మేడం మాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది సార్. ఆయన పాఠం ఆయన చేసుకొని తెర్సుకోవాలె, ఎవ్వరు చూపియ్యొద్దు అన్నది."

"ఇప్పుడు గూడనా?"

అలా అడగకుండా ఉండాల్సింది. రోజా కళ్లు దించుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు. "ఒట్టు ఒట్టే గద సార్."

హాజరు యాప్‌కు నా ముఖం చూపించడం తప్ప, ఫోన్‌తో చేయాల్సినవన్నీ తారాబాయే చేసేది. పొద్దున నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చే బస్సులో నేను చెరుకు తోటలు చూస్తూ కూర్చుంటే, నా సెలవు చీటీలు, నా శిక్షణలు ఆమె వేళ్ల కింద నడిచిపోయేవి. ఈ ఒక్క కోర్సు మాత్రం చేసిపెట్టనంది. "ఈసారి నువ్వే నేర్చుకో," అంది. జూన్‌లో దాని మీద గొడవైంది. రెండు రోజులు మాటల్లేవు.

మరునాడు మధ్యాహ్నం భోజన్న ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో చార్జింగ్‌కు పెట్టి ఉంది. దానికి తాళం లేదని అందరికీ తెలుసు. ముప్పయ్యేళ్ల నౌకరీలో పిల్లల కాపీ చీటీలు ఎన్ని పట్టుకున్నానో లెక్క లేదు. ఆ రోజు తలుపు ఓరగా వేసి ఆ ఫోన్ తీసుకున్నాను. ఏదో నొక్కాను. అది కోర్సు కాదు, వీడియో కాల్. ఫోన్ గణగణ మోగి, తెర నిండా ఒక చెవి, దానికి కమ్మ కనబడ్డాయి.

"భోజన్నా, ఏంది?" అంది చెవి.

చెవి జరిగి, దాని చోటికి సుమిత్రమ్మ కన్ను వచ్చింది.

"మల్లికార్జున్ సార్! భోజన్న ఫోన్ల మీరెందుకున్నరు?"

"పిల్లల కోసం మేడం," అన్నాను. గదిలో పిల్లలెవరూ లేరు.

సాయంత్రం నేను బస్సుకు బయల్దేరేటప్పుడు, ఫోన్‌కు తాళం ఎలా వేయాలో రోజా భోజన్నకు నేర్పుతూ కనబడింది. ఇద్దరూ నాకు ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టారు.

ఇక కోర్సే దారి.

మొదటి పాఠంలో శనివారం సాయంత్రం ఇంటి నుంచి క్లాసులో కూర్చోవాలి. జిల్లా నలుమూలల నుంచి నలభై మంది చేరారు. మైకు ఆపడం గురించి చెబుతుండగా నేను ఫోన్ పట్టుకునే చాయ్ పెట్టుకోవడానికి లేచాను. చక్కెర డబ్బా దొరకలేదు. ఒక్కో గిన్నే జరిపి చూస్తుంటే ఫోన్‌లో ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది.

"బోధన్ సార్, పై అరల చూడుండ్రి. చక్కెర పైననే పెడ్తం మేం."

పై అరలోనే ఉంది. నా మైకు, కెమెరా రెండూ తెరిచే ఉన్నాయని అర్థమయ్యేసరికి చాయ్ కలపడం అయిపోయింది.

"మూడు చెంచాలు ఏసిండ్రు సార్," అంది నందిపేట్ నుంచి ఇంకో గొంతు. "మంచిది కాదు."

రెండో పాఠం నాలుగు రోజులు పట్టింది. నల్లబల్ల మీది లెక్కను ఫొటో తీసి పంపాలి. ప్రతి ఫొటోలోనూ లెక్కతో పాటు నా బొటనవేలు కూడా వచ్చింది. ఆఖరికి బొటనవేలితోనే పంపాను. ఒప్పుకున్నారు.

మూడో పాఠం పిల్లలకు పరీక్ష తయారు చేయడం. ప్రశ్నలు, వాటి జవాబులు మనమే పెట్టాలి. రాసినవాళ్లకు మార్కులు వెంటనే కనబడతాయి. ఆ కింద అభ్యంతరాల డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఎవరైనా ఏదైనా రాస్తే వెళ్లాల్సిన జవాబును కూడా ముందే రాసిపెట్టాలి. "మీ అభ్యంతరం పరిశీలించబడును," అని రాశాను. రోజా నా పక్కనే నిలబడి అంతా చెప్పింది కానీ, తెర మీద వేలు మాత్రం పెట్టలేదు. పెడితే ఒట్టు పోతుందట.

ఇరవై తొమ్మిదిన, ఆఖరి గంటకు ముందు, మూడో పాఠం పూర్తయింది. చర్చ పేజీ తెరుచుకుంది. అందులో వరుసగా అందరూ తయారు చేసిన పరీక్షలు. తారాబాయి పేరు కనబడగానే రోజా, భోజన్న ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లారు. కిటికీ కింద భోజన్న నెత్తి మాత్రం కనబడుతూనే ఉంది.

"మా సార్ మీకెంత తెలుసు?" అని పేరు పెట్టింది.

మొదటి ప్రశ్న, సార్ చాయ్‌లో చక్కెర ఎన్ని చెంచాలు? ఒకటి అని పెట్టాను. చూసేవాళ్లు లేకపోయినా అలా చెప్పడమే అలవాటు. రెండోది, కోపం వస్తే సార్ ఏం చేస్తాడు? నాలుగు జవాబుల్లో "సార్‌కు కోపం రాదు" అనేది ఉంది, అదే పెట్టాను. మూడోది, ఇంటికి తాళం వేశాక వెనక్కి వచ్చి ఎన్నిసార్లు లాగి చూస్తాడు? ఒకసారి. నాలుగోది, గొడవైతే ముందు ఎవరు మాట్లాడతారు? సార్. అయిదోది, ఈ కోర్సు సార్ చేస్తాడా, చేయడా? చేస్తాడు.

పంపాను. మార్కులు వచ్చాయి.

"ఎన్నచ్చినయ్ సార్?" అంది కిటికీ కింది నెత్తి.

"ఒకటి."

నెత్తి కిందికి దిగింది. నవ్వును నోట్లో కుక్కుకుంటున్నట్టుంది. నేను జవాబులు చూశాను. చాయ్‌కి, "నేను చూస్తే ఒకటి, చూడకుంటే మూడు." కోపానికి, "తుడిచిన బోర్డునే మళ్లా తుడుస్తడు." తాళానికి మూడుసార్లు. నాలుగోదానికి, "మేడం. ఎప్పటికీ మేడమే."

"ఏదానికి సార్, ఆ ఒక్కటి?"

"అయిదోదానికి."

భోజన్న లేచి నిలబడ్డాడు. ఇప్పుడు ముఖమంతా కనబడింది. "మా అందరికి గదే పోయింది సార్. మేమంత చెయ్యడు అని పెట్టినం."

మొదటి మూడూ ఒప్పుకుంటాను. నాలుగోదానికి మాత్రం ఒప్పుకోలేకపోయాను. అభ్యంతరాల డబ్బా తెరిచి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాను. "నాలుగో ప్రశ్నకు పెట్టిన జవాబు తప్పు. జూన్‌లో గొడవ తర్వాత, మూడో రోజు పొద్దున బస్టాండులో ముందు మాట్లాడింది నేను. బస్సొచ్చింది అన్నాను. మార్కు కలపాలి."

ఇరవై నిమిషాలు పట్టింది. బడి గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. పంపు అని ఉన్నచోట నొక్కాను.

రెప్పపాటులో జవాబు వచ్చింది. జూలైలో రాసిపెట్టిన జవాబు.

"బస్సొచ్చింది అనుడు మాట్లాడినట్టు కాదు. మార్కు కలవదు. ఏమన్న ఉంటే ఇంటికొచ్చినంక మాట్లాడు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. రోజా, భోజన్న లోపలికి వచ్చారు. బల్ల మీది బట్ట తీసుకుని బోర్డు తుడవబోయాను. అది తుడిచే ఉంది. బట్ట కింద పెట్టేశాను. రోజా చూసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చాను. తాళం తీశాను. చాయ్ పెట్టి, పై అర నుంచి డబ్బా దించి, మూడు చెంచాలు అని పైకి చెప్పే వేశాను.

తర్వాత నాలుగో ప్రశ్న సంగతి ఎత్తాను. ముందు నేనే మాట్లాడాను. చాయ్ చల్లారేదాకా వాదించాను. ఆమె తరఫు మాటలు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. నా వాటి కంటే అవే బాగా వచ్చాయి.

మార్కు కలవలేదు.