మందు తినని ఎలుకలు

మచాలా ఊరి చివర ప్రయోగశాలలో ఎలుకల్ని చూసుకునే పని సోయిలా పింకాయ్‌ది. అరటితోటల మీద విమానాలు చల్లే తెగులు మందు రక్తాన్ని ఏం చేస్తుందో తేల్చాలని డాక్టర్ అర్సేనియో ఇరవై నాలుగు ఎలుకల్ని తెప్పించాడు. పన్నెండింటికి రోజూ మేతలో మందు కలపాలి. మిగతా పన్నెండింటికి చుక్క కూడా తగలకూడదు. అవి శుభ్రంగా ఉంటేనే తేడా తెలుస్తుంది. లేకపోతే తొంభై రోజుల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

సోయిలాకి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. మొగుడు పోయి నాలుగేళ్లయింది. పెరటి కంచె దాటితే తోటే. మంగళవారం మంగళవారం విమానం మోత వినబడితే ఆరేసిన బట్టలు లోపలికి లాక్కోవడమొకటే ఆ ఇంట్లో సందడి. అందుకే మధ్యాహ్నం అన్నం మందు తినని ఎలుకల పక్కన కూర్చునే తినేది.

"ఏమే తోకపొట్టీ, చేప ఇవాళ భలే కుదిరిందే. నీకు పెట్టాననుకో, డాక్టరు నా తోలు తీస్తాడు," అనేది.

మందు తినే వాటి దగ్గర మాత్రం పనయ్యాక క్షణం నిలిచేది కాదు. వాటి వంక చూడలేకపోయేది.

తొంభయ్యో రోజున సోయిలా ఒక్కో ఎలుకనీ బల్ల దగ్గరికి తెచ్చిస్తే డాక్టర్ రక్తం తీశాడు. ఫలితాలు చూసి డాక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేవన్నీ రెండు గుంపుల్లోనూ పెరిగాయి.

"సోయిలమ్మా, మేత డబ్బాలు తారుమారు చేశావా?"

"చేస్తే నా కళ్లు పోతాయి డాక్టరుగారూ, చేయలేదు."

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆయన లేచి గూళ్ల దగ్గరికి వెళ్లాడు. ఈ మూడు నెలల్లో వెళ్లడం అదే మొదలు. మహానుభావుడు ఎలుకల్ని కాగితాల మీదే చూసేవాడు. మందు తినని వాటి గూళ్ల నిండా సన్నగా చీల్చిన అరటాకు పీలికలు.

"ఇదేంటి?"

"నా అన్నం చుట్టుకొచ్చే ఆకండీ. తిన్నాక పారేయడమెందుకని వీటికి వేస్తున్నా. పళ్లతో చీల్చుకుని పక్క వేసుకుంటాయి, కొంచెం నములుతాయి కూడా. వట్టి ఆకే కదా!"

"ఎక్కడిదమ్మా ఆకు?"

"మా కంచె పక్కదే. నిప్పు మీద వాడ్చి, తుడిచి తెస్తా."

డాక్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మొత్తం మళ్లీ మొదట్నుంచి చేయాలి," అని గొణిగి, సూదులు సర్దుకోసాగాడు.

సోయిలాకి అప్పుడు వెలిగింది. ఎలుకలకి చేరింది తను తినగా మిగిలిన ఆకు. తొంభై రోజులు కాదు, తనకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అదే ఆకు. భయం వేసింది. ఆ భయం ఇంటికి వెళ్లి చెప్పుకోవడానికి ఎవరూ లేరన్నది అంతకంటే ఎక్కువ బాధించింది.

ఆమె బల్ల ముందు కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"నాక్కూడా తీయండి."

"ఇక్కడ మనుషులకి చేయమమ్మా," అన్నాడు డాక్టర్, ఆమె మొహంలోకి చూడకుండా.

"పదమూడో ఎలుకనుకోండి," అంది సోయిలా. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.