లిస్టులో లేని గొలుసు

మా నాయన పుట్టిన తేదీ ఆయనకే తెలియదు. డ్యాము కట్టే రోజుల్లో విజయపురి సౌత్‌లో రాళ్లు మోయడానికి చేరితే, అక్కడి గుమాస్తా మొహం చూసి ఒక వయసు వేశాడట. ఆ లెక్క ప్రకారం పంతొమ్మిది వందల ఎనభై అయిదు నవంబరు ఆఖరు రోజున ఆయన పని దిగిపోవాల్సిన ముసలివాడైపోయాడు.

నాయన కాలవ మీద లస్కరు. తూము దగ్గరుండి, చక్రం తిప్పి షట్టరు ఎత్తుతూ దించుతూ, పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదలడం ఆయన పని. పర్మినెంటు వాళ్లు రిటైరైతే ఆఫీసులో దండ వేసి, జీపులో ఇంటి దగ్గర దింపుతారు. నాయన లాంటి వాళ్లకు అదేమీ లేదు. తాళాలు అప్పగించి నడిచి రావడమే. అది తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. అమ్మ ఉంటే ఏమన్నా చేసేది. అమ్మ పోయి రెండేళ్లు. ఇక నేనే చేయాలి.

నా చేతిలో ఎంతుందని? దొడ్లో బంతిపూలు ఉన్నాయి, దండ గుచ్చాను. ధనమ్మ పిన్ని శేరు పాలు పోసింది. రేషను చక్కెర పది రోజులుగా వాడకుండా దాచి సేమ్యా పాయసం కాచాను. పచ్చంచు తువ్వాలు ఒకటి కొన్నాను. శాలువా అడిగే ధైర్యం మా ఆయన దగ్గర నాకు లేదు. మూడింటికల్లా చార్జి అప్పగించి వస్తానన్నాడు నాయన. ఇరుగుపొరుగు ఆడవాళ్లని అయిదుగురిని పిలిచాను.

మూడయింది. మూడున్నరయింది. నాయన జాడ లేదు. పాయసం మీద మీగడ కట్టింది.

"ఏమే కుల్సుం, మీ నాయనకి డిపార్టుమెంటోళ్లు ఇంకో పదేళ్లు పొడిగించారా ఏంది?" అంది హజ్రా అత్త. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకు ఆలస్యమంటేనే భయం. ఎవరన్నా ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే నా కళ్లకు ముందు నీళ్లే కనపడతాయి.

అది ఊరికే వచ్చిన భయం కాదు. పద్నాలుగేళ్ల కిందట, మా తమ్ముడు యాకూబ్ ఆ తూము దగ్గరి మెట్లు దిగి నీళ్లలో కొట్టుకుపోయాడు. తొమ్మిదేళ్లు వాడికి. పైన నాయన అటు తిరిగి చక్రం తిప్పుతున్నాడు. కింద వాడు ఉన్నట్టు ఆయనకు తెలియదు.

ఆ తర్వాత అమ్మ కాలవ గట్టు ఎక్కలేదు. నన్నూ ఎక్కనివ్వలేదు. బడికి ఆ గట్టు మీదే పోవాలి గనక ఏడో క్లాసుతో నా చదువు ఆగిపోయింది. నాయన మీద మాత్రం ఒక్క మాట అనలేదు. రోజూ క్యారేజీ కట్టి, రోడ్డు పక్క మైలురాయి మీద పెట్టి వచ్చేది. నాయన గట్టు దిగి వచ్చి తీసుకుపోయేవాడు. అమ్మ పోయాక నేనూ అంతే చేశాను. రాయి మీద పెట్టడం, వెనక్కి తిరగడం. పద్నాలుగేళ్లలో మా ఇంటి మనిషి ఒక్కరూ ఆయన పని చేసే చోటుకి పోలేదు.

నాలుగవుతుండగా సైకిలు మీద పోతున్న వెంకట్రామయ్య మామ వాకిట్లో కాలు ఆనించాడు. "అమ్మాయ్, కొత్త లస్కరు బస్సు దిగలేదంట. మీ నాయన తూము వదిలి రానంటున్నాడు. నీళ్లు పారుతున్నాయి గదా."

"అయితే ఈ దండ ఎవరికి వేద్దాం, నాకు వేస్తావా?" అంది హజ్రా అత్త. అంతలోనే దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నువ్వే తీసకపోవే. వాడిపోద్ది."

"మేం గట్టు ఎక్కం అత్తా. నీకు తెలుసు గదా."

"తెలుసులే. మీ అమ్మ ఆ కాలవ మీద అలిగి అట్టానే పోయింది. ఇవాళ్టితో ఆయన పనే అయిపోతుంది. ఇంక నువ్వెవరి మీద అలుగుతావు?"

క్యారేజీలో పాయసం పోసి, దండా తువ్వాలూ సంచిలో పెట్టుకున్నాను. మూడేళ్ల మా మస్తాన్‌ని హజ్రా అత్త దగ్గర వదలొచ్చు. కానీ వాళ్ల దొడ్లో బావి ఉంది. చంకన వేసుకుని బయలుదేరాను.

మైలురాయి దగ్గర నా చెయ్యి అలవాటుగా క్యారేజీని రాయి మీద పెట్టింది. దూరంగా గట్టు మీద నాయన లేచి నిలబడ్డాడు. పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, కొత్తాయన కాబోలు. నాయన రెండడుగులు దిగి, మళ్లీ వెనక్కి చూసి, పెట్టి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.  ఆఖరి రోజు కూడా పెట్టి పొమ్మంటున్నాడు. క్యారేజీ మళ్లీ చేతిలోకి తీసుకుని గట్టు ఎక్కాను.  నీళ్ల చప్పుడు వినపడగానే పిల్లాణ్ణి ఎంత గట్టిగా పట్టుకున్నానో, వాడు ఏడుపు లంకించుకున్నాడు.

నాయన నన్నూ పిల్లాణ్ణీ చూశాడు. "పిల్లోడు జాగ్రత్త" అన్నాడు.

అప్పుడు చూశాను. తూము పక్క మెట్లకు అడ్డంగా, ఇటు రాతికీ అటు రాతికీ ఇనప గొలుసు. రెండు వరసలుగా లాగి తాళం వేసి ఉంది. చేతులు తగిలే చోట నున్నగా మెరుస్తోంది.

కొత్త లస్కరు కోటయ్య కుర్రవాడే. చార్జి లిస్టు కాయితాలు రెండు తొడ మీద పెట్టుకుని చదువుతున్నాడు. "చక్రం ఒకటి, తాళాలు రెండు, లాంతరు ఒకటి, గడ్డపార ఒకటి, నీళ్ల గేజి పుస్తకం... అన్నీ ఉన్నాయి పెద్దాయనా. ఈ గొలుసేంది మరి? లిస్టులో లేదే."

"అది నాదిలే. నరసరావుపేటలో కొన్నా. పిల్లకాయలు దిగకుండా. అడిగితే శాంక్షను లేదన్నారు, నేనే కట్టా."

"నీదైతే తీసకపో. లిస్టులో లేంది ఉంచుకుంటే రేపు ఎవడన్నా ఎత్తకపోయినా నా మెడకే చుట్టుకుద్ది."

"ఉండనియ్యి నాయనా. చానా ఏళ్ల నుంచీ ఉంది."

"ఉండనియ్యమంటే ఎట్టా? అడిగినోళ్లకి ఏం జెప్పాలి?"

నాయన మొలతాడున ఉన్న చిన్న తాళంచెవి తీసి, మెట్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తాళం తీశాడు. ఒక వరస వదులై రాతి మీద గలగలమంటూ జారింది. ఆ గొలుసు గురించి ఆయన ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చెబుదామన్నా మేం ఎక్కడ దగ్గరికి రానిచ్చాం?

"ఆగు నాయనా" అన్నాను. కోటయ్య వైపు తిరిగాను. "లిస్టులో ఉంటే ఉంచుతావా అన్నా?"

"ఉంటే నా బాధ్యతే గదమ్మా. నా తర్వాత వచ్చినోడిదీనూ."

"అయితే రాయి."

"నేను రాస్తే చెల్లదు. అప్పగించేవాళ్లు రాయాల, నేను సంతకం పెట్టాల."

నాయనకి తన పేరు తప్ప రాయడం రాదు. తల వంచుకున్నాడు.

"ఇటియ్యి" అన్నాను.

కాయితం తూము గోడ మీద పరిచాను. గాలికి లేచిపోతోంది. ఒక చేత్తో అదిమిపట్టాలి, ఇంకో చేత్తో రాయాలి. చంకన పిల్లాడున్నాడు. మూడో చెయ్యి లేదు నాకు. కింద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి.

నాయన గొలుసు మళ్లీ బిగించి, తాళం వేసి, లాగి చూసి లేచాడు. చేతులు చాచాడు గానీ నా దగ్గరికి రాలేదు. అక్కడే నిలబడ్డాడు. నేనే నాలుగడుగులు వేసి మస్తాన్‌ని ఆయన చేతుల్లో పెట్టాను.

రాశాను. ఏడో క్లాసు తర్వాత ఉత్తరాలు తప్ప నేను రాసిందేమీ లేదు. "ఇనప గొలుసు ఒకటి, తాళంతో సహా. పిల్లలు దిగకుండా ఎప్పుడూ కట్టి ఉంచవలెను." నకలు కాయితం మీదా అదే రాశాను. మాట మాటకీ తలెత్తి చూశాను. తాత మెడ పట్టుకుని వాడు నీళ్లలోకి వేలు చూపిస్తున్నాడు. నాయన వాణ్ణి రెండు చేతులా పొదువుకుని, గొలుసుకి ఇవతలే నిలబడి ఉన్నాడు.

నాయన కింద తన పేరు రాశాడు. కోటయ్య సంతకం చేశాడు. చిన్న తాళంచెవి కూడా గుత్తిలో చేరింది.

దండ సంచిలో నలిగిపోయింది. వేస్తే మెడ వంచాడు. తువ్వాలు తడిమి చూసి, "అంచు బావుందమ్మా" అన్నాడు. పాయసం గడ్డ కట్టింది. ముగ్గురికీ చాలినన్ని గిన్నెలు లేవు. క్యారేజీ మూతలో కోటయ్యకి పెట్టాను.

"యాకూబ్‌కి సేమ్యా అంటే ఇష్టం" అన్నాడు నాయన.

పద్నాలుగేళ్లలో వాడి పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. అవునన్నాను.